సూది పడకుండా చూడండి

ఫ్రేముల దుకాణం నుంచి తడిసి ముద్దయి వచ్చిన కోడలు చెప్పులు విప్పీ విప్పకుండానే వెనక గది తలుపు తీసింది. గోడ మీది సూది అరవై ఆరు దగ్గర తీరిగ్గా కూర్చుని ఉంది. పొద్దున ఆమె గడప దాటినప్పుడు అది నలభై ఎనిమిది. ఈ మధ్యలో ఏం జరిగిందో చెప్పడానికి ఆ గదిలో నోరున్నవాళ్ళెవరూ లేరు. ఏసీ చల్లగానే తిరుగుతోంది. తేమ పీల్చే యంత్రం మూల నుంచి గురక పెడుతోంది. పెద్ద ప్రింటరు దుప్పటి కప్పుకుని, ఏ పాపమూ ఎరగనట్టు పడుకుని ఉంది.

"ఎంతుందే?" హాల్లోంచి అత్తగారి గొంతు.

"అరవై ఆరు."

"అలాగా!" అంది అత్తగారు. ఆ గొంతులో ఏదో తృప్తి వినిపించింది కోడలికి. వానకు తడిసి వచ్చిన మనిషికి ఎవరి గొంతయినా వంకరగానే వినిపిస్తుంది లెమ్మని సరిపెట్టుకుని, తలుపు మూసేసింది.

ఫొటోలు ప్రింటు చేయడం అంటే మీట నొక్కితే అయిపోయే పని అని లోకం అనుకుంటుంది. లోకానికేం, ఎన్నయినా అనుకుంటుంది. గోడకు తగిలించి పది మంది చూసే పెద్ద ఫొటోలు వెయ్యాలంటే సగం పని రంగులతో, సగం పని గాలితో. గాలిలో తేమ పెరిగిందా, దూదితో చేసిన ఆ మందపాటి కాగితం దాన్ని తాగి అంచుల దగ్గర అల అలలుగా లేస్తుంది. లేచిన అంచుకు సిరా చిమ్మే ప్రింటరు తల రాసుకుంటుంది. తెల్లటి ఆకాశం మీద నల్లటి గీత పడుతుంది. రాసుకోకుండా బయటపడినా, సిరా త్వరగా ఆరదు. ఆరిందని అద్దం బిగిస్తే, వారం తిరిగేసరికి అద్దం లోపల మంచు పట్టినట్టు మసక. పైగా కాగితం మహా మొండిది. తాగేటప్పుడు గంటలో తాగుతుంది, వదిలేటప్పుడు రోజంతా బెట్టు చేస్తుంది. అందుకే ఆ సూదికి అంత రాజమర్యాద. చూడ్డానికి గోడగడియారంలా ఉండే ఆ తేమ కొలిచే పరికరానికి అత్తగారు 'చెమట గడియారం' అని పేరు పెట్టింది. ఆ పేరే ఇంట్లో ఖాయమైపోయింది.

ఆ గది నిన్నమొన్నటిదాకా అత్తగారిది. ఇంట్లో వంటగదికీ స్నానాలగదికీ దూరంగా ఉన్నది అదొక్కటే, ఎండ నేరుగా పడనిదీ అదొక్కటే. మరోచోట పెడితే ప్రింటరు నెల తిరక్కుండా మూలపడుతుంది. బడిపంతులమ్మగా జీవితమంతా గడిపి, రిటైరై, కాళ్ళు చాపుకుని పడుకుంటున్న గదిని అత్తగారు ఒక్క మాటతో ఖాళీ చేసి, మంచం హాల్లోకి వేయించుకుంది. ఆవిడ మారు మాట్లాడలేదు. మాట్లాడింది కొడుకు.

"ఈ వానాకాలం దాకా చూద్దాం. వానల్లో నీ పని నిలబడితే గది నీది. నిలబడకపోతే అమ్మ గది అమ్మకి ఇచ్చేద్దాం. ఆవిడ హాల్లో పడుకుంటుంటే నాకు బాగాలేదు," అన్నాడు. మంచి కొడుకు. మంచి కొడుకుల మాటలకు ఎదురు చెప్పడం ఎంత కష్టమో వాళ్ళ పెళ్ళాలకే తెలుసు. కోడలు సరే అంది.

ఇప్పుడు వానలు సగానికొచ్చాయి. పని నిలబడలేదు.

ఆమె చేతిలో ఉన్న పని వంతెనలాయనది. ఆయన ఊరూరా తిరిగి వంతెనల ఫొటోలు తప్ప మరొకటి తియ్యని మనిషి. గ్రంథాలయం హాల్లో ఆయన ప్రదర్శన ఉంది. మొదటి విడత ప్రింట్లు అంచులు లేచి వచ్చాయని తిప్పి పంపాడు. రెండో విడతలో పొగమంచులో ఉన్న వంతెన మీద నల్ల గీత. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. తిట్టిన మనిషికి జవాబు చెప్పుకోవచ్చు. ఆయన మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ, "మీ రంగులు నాకు నచ్చాయమ్మా. అలా ఎవరూ వెయ్యలేదు. కానీ ఇంకోసారి ఇలాగే అయితే నేను పెద్ద ల్యాబుకి పోవాలి, నాకూ గడువుంది. గురువారం పొద్దున వస్తాను," అన్నాడు. ఇంత మర్యాదగా ఉరి వేసేవాళ్ళను చూడలేదనుకుంది కోడలు.

ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మొగుడికి చెబితే, గది సంగతి ఎత్తుతాడు. అత్తగారికి చెబితే, ఆవిడ మొగుడికి చెబుతుంది. "పని ఎలా సాగుతోందే?" అని ఆవిడ రోజూ అడుగుతూనే ఉంది. "బాగానే ఉందత్తయ్యా," అని కోడలు రోజూ చెబుతూనే ఉంది. రాత్రి మంచం మీద పక్క మారుస్తూ, పగలు ఆ గదికీ హాలుకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ ఉంది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ముందు గడియారాన్నే అనుమానించింది. దానికొక పరీక్ష ఉంది. సీసా మూతలో తడి ఉప్పు వేసి, గడియారంతో పాటు ప్లాస్టిక్ సంచిలో పెట్టి గాలి చొరకుండా కట్టేస్తే, కొన్ని గంటలకు సూది డెబ్బై అయిదు దగ్గర ఆగాలి. అత్తగారు వంటింట్లోంచి ఉప్పు డబ్బా తెచ్చి ఇస్తూ, "గడియారానికి ఉప్పెందుకే, చప్పగా నడుస్తోందా?" అంది. కోడలికి నవ్వు రాలేదు. సూది డెబ్బై అయిదు దగ్గరే ఆగింది. గడియారం అబద్ధం చెప్పడం లేదు.

తర్వాత కిటికీని అనుమానించి, సందుల్లో టేపు అతికించింది. గోడను అనుమానించి, అరచేయి ఆనించి అంగుళం అంగుళం తడిమింది. పొడిగానే ఉంది. కాగితాల కట్టలను సంచుల్లో పెట్టి మూతులు బిగించింది కానీ, వెయ్యబోయే కాగితం ఒక పూట ముందు బయటపెట్టి గది గాలికి అలవాటు చెయ్యాలి, వేసిన ప్రింటు కనీసం ఒక రాత్రయినా బయటే ఆరాలి. వాటినెక్కడ దాచుకుంటుంది? ఆమె గదిలో కూర్చున్నంతసేపూ సూది బుద్ధిగా నలభై ఏడు, నలభై ఎనిమిది మీద ఉంటుంది. సిరా కొనడానికో, ఫ్రేముల వాడి దగ్గరికో వెళ్ళి వచ్చేసరికి అరవై దాటి ఉంటుంది. టీచరు బయటికి వెళ్ళగానే గోలచేసే తరగతిలా ఉంది వ్యవహారం.

చివరికి మంగళవారం మెకానిక్‌ను పిలిచింది. అతను తేమ యంత్రం వెనక మూత విప్పి, ఊది, తుడిచి, అడుగున ఉన్న నీళ్ళ డబ్బా లాగి చూశాడు.

"యంత్రం బంగారంలా ఉందమ్మా. దీని తప్పేం లేదు. ఈ డబ్బా ఎన్నాళ్ళకోసారి నిండుతోంది?"

"రోజూ నిండుతుంది. మా అత్తయ్య పారబోస్తారు."

"రోజూనా?" మెకానిక్ గది నాలుగు మూలలూ చూశాడు. "ఇంత గదికి, తలుపులేసి ఏసీ కూడా నడుస్తుంటే, రోజూ నిండదండీ. ఇది తోడుతుంటే వెనకనుంచి ఎవరో పోస్తున్నట్టుంది," అని నవ్వేసి, సామాన్లు సర్దుకున్నాడు.

అతను నవ్వి వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం పోలేదు. చెవిలో దూరిన జోరీగలా ఆ సాయంత్రమంతా రొద పెడుతూనే ఉంది.

ఎవరో పోస్తున్నట్టుంది.

ఇంట్లో పగలు ఉండేది ఇద్దరు. ఒకరు తను. అనుమానం ఒకసారి లోపలికి వచ్చాక కుర్చీ వెతుక్కోదు, ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటుంది. "అలాగా!" అన్న ఆ తృప్తి గుర్తొచ్చింది. "హాల్లో ఫ్యాను చప్పుడుకి నిద్ర పట్టడం లేదురా," అని ఆవిడ కొడుకుతో అన్నది గుర్తొచ్చింది. ఒక మధ్యాహ్నం బయటినుంచి వచ్చేసరికి ఆవిడ జాకెట్టు చేతులు మోచేతులదాకా తడిసి ఉండటం గుర్తొచ్చింది. గిన్నెలు తోముకుంటున్నా అంది అప్పుడు. ఏ గిన్నెలు? పొద్దున్నే తోమేశాం కదా! నడుం నొప్పి అని కొడుకు బకెట్టు ముట్టుకోనివ్వడు ఆవిడని. మరి ఆ నడుం పట్టుకుని మూలుగులు ఎందుకు ఎక్కువయ్యాయి?

బుధవారం పొద్దున, రేపు వంతెనలాయన వస్తాడనగా, కోడలు సంచి భుజానికి తగిలించుకుని, గొడుగు తీసుకుని, "ఫ్రేముల షాపుకి వెళ్ళొస్తానత్తయ్యా, మధ్యాహ్నం అవుతుంది," అని వినపడేలా చెప్పి బయల్దేరింది. వీధి మలుపులో మందుల షాపు చూరు కింద నిలబడింది. వాన ఏటవాలుగా కొడుతోంది. సొంత ఇంటి మీద నిఘా వేసిన మనిషికి ఎక్కడ నిలబడినా సిగ్గుగానే ఉంటుంది. షాపతను "ఏం కావాలండీ?" అని రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడక్కముందే వెనక్కి తిరిగి, దాదాపు పరుగెత్తుతూ ఇంటికొచ్చి, చప్పుడు కాకుండా తలుపు తీసింది.

వెనక గది తలుపు ఓరగా ఉంది.

కిటికీ ఊచ నుంచి బీరువా పిడిదాకా తాడు కట్టి ఉంది. తాడు మీద రెండు దుప్పట్లు, సగం పిండినవి, చుక్క చుక్కగా కారుతున్నాయి. కింద వెడల్పాటి బేసిను, అందులోంచి ఆవిరి. పక్కన తేమ యంత్రం డబ్బా, ఖాళీది. అత్తగారు ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, ఇంకో చేత్తో కళ్ళజోడు ఎత్తి పట్టుకుని, గడియారంలోకి చూస్తోంది. యంత్రం గాలిలోంచి తోడిన నీళ్ళనే కాచి, తిరిగి గాలిలోకి వదులుతోంది ఆవిడ. నేల మీద, రేపటి కోసం పరిచి పెట్టిన కాగితాల అంచులు అప్పుడే మెల్లగా పైకి లేస్తున్నాయి.

చప్పుడుకి ఉలిక్కిపడి తిరిగింది. "అప్పుడే వచ్చేశావేమిటే?"

"ఎన్నాళ్ళుగా చేస్తున్నారిది?"

"వానలు పట్టి, ఈ యంత్రం తెచ్చావే, అప్పట్నుంచీ. మీ ఆయనకి చెప్పకే తల్లీ, బకెట్టు ఎత్తానని తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు."

ఆవిడ ముఖంలో తప్పు చేసిన కంగారు లేదు, పట్టుబడిన సిగ్గు మాత్రం ఉంది. ఆ తేడా చూడగలిగిన స్థితిలో లేదు కోడలు. ఇన్నాళ్ళ నిద్రలేమి, వంతెనలాయన మర్యాద, మొగుడి షరతు, అన్నీ కలిసి ఒక్కసారి గొంతులోకి వచ్చాయి.

"గది కావాలంటే నోరు తెరిచి అడగొచ్చుగా! నా కష్టమంతా నీళ్ళపాలు చేసి తీసుకోవాలా? రేపు ఆయన ఇవి కూడా తిప్పి కొడితే మీకు చల్లగా ఉంటుందా? పడుకోండి, హాయిగా మంచం వేసుకుని పడుకోండి ఇక్కడే!"

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అనలేదు పెద్దలు.

అత్తగారు కళ్ళజోడు కిందికి దించింది.

"నువ్వే కదుటే చెప్పావు," అంది, "సూది పడకుండా చూడండత్తయ్యా అని."

కోడలి చూపు బేసిను మీద పడింది.

చెప్పింది. ఎండాకాలంలో, ప్రింటరు కొత్తగా వచ్చిన రోజుల్లో. వడగాలికి గది ఎండి, సూది ముప్పైకి పడి, ప్రింటరు తలలోని సన్నటి రంధ్రాల్లో సిరా గడ్డకట్టుకుపోయింది. ఆ రోజు నేల మీద కూర్చుని ఏడ్చింది కోడలు. అత్తగారు పక్కన కూర్చుని వీపు నిమిరింది. ప్రింటరు తల శుభ్రమయ్యాక, తడి దుప్పటి ఎలా ఆరెయ్యాలో, వేడినీళ్ళ బేసిను ఎక్కడ పెట్టాలో కోడలే నేర్పించింది. "ఈ సూది నలభై కిందికి పడితే నా పని అయిపోయినట్టే. నేను లేనప్పుడు మీరే పడకుండా చూడండి," అని చేతులు పట్టుకుని మరీ చెప్పింది. పెరిగితే ఏమవుతుందో చెప్పలేదు. వానలొచ్చాక చెప్పాల్సింది. పని ఎలా ఉందని ఆవిడ అడిగిన ప్రతిసారీ, బాగానే ఉందని చెప్పి తలుపు మూసుకుంది.

"ఈ యంత్రం వచ్చిన దగ్గర్నుంచీ రోజంతా తాగుతూనే ఉంది," అత్తగారు నెమ్మదిగా చెబుతోంది, పాఠం అప్పజెప్పే పిల్లలా. "నువ్వు లోపలుంటే నలభై ఎనిమిది, నలభై ఏడు. ఇంకో ఏడు తగ్గితే నలభై. నువ్వు ఊరి మీద ఉండగా పడిపోతే ఎలా అని. అరవై దాటించి ఉంచితే నువ్వు నిశ్చింతగా తిరిగొస్తావు కదా అని. మార్కులు ఎక్కువొస్తే నష్టమేమిట్లే అనుకున్నాను."

"అత్తయ్యా..."

"నా గది నేనడగడానికి నీళ్ళు మొయ్యాలటే?"

అరిచి అడగలేదు. లెక్క తప్పిన పిల్లను, ఎక్కడ తప్పావో నువ్వే చూసుకో అన్నట్టు అడిగింది. తర్వాత దుప్పట్లు తీసి భుజాన వేసుకుంది. బేసిను ఎత్తబోతే కోడలు ముందుకొచ్చి పట్టుకుంది. అత్తగారు వదిలేసి, గోడ పట్టుకుని బయటికి వెళ్ళింది.

ఆ రోజంతా కోడలు గది దాటలేదు. తలుపు బిగించి, లేచిన కాగితాలు పక్కకు నెట్టి, సంచి విప్పి కొత్తవి పరిచింది. సూది యాభై ఆరు, యాభై రెండు, నలభై తొమ్మిది. సాయంత్రానికి కాగితం చదునుగా, పిలిస్తే పలికేలా ఉంది. ప్రింటరు తల అటూ ఇటూ నడుస్తుంటే, పొగమంచులోంచి వంతెన ఒక్కొక్క కమ్మీగా బయటికొచ్చింది. ఎక్కడా గీత లేదు. ఇంత బాగా ఆ ప్రింటరు ఎప్పుడూ పని చెయ్యలేదు. ఆమెకు మాత్రం ఒక్క నిమిషం కుదురుగా కూర్చోవాలనిపించలేదు. మధ్యలో ఒకసారి హాల్లోకి వెళ్ళి, మంచం పక్కన నిలబడి, "నేనలా అనకుండా ఉండాల్సింది. తప్పయిపోయింది అత్తయ్యా," అంది. "సరేలేమ్మా, అయిపోయిందిగా," అంది అత్తగారు, పేపరు పక్కన పెట్టి, చాలా తేలిగ్గా. ఆ తేలికే కోడలికి మింగుడు పడలేదు. ఆవిడకు కోపం వస్తే సరుకుల చీటీలా ఏకరువు పెట్టి తిడుతుంది. ఎన్నిసార్లు తిట్టలేదు! సూది యాభై అయిదు దాటకూడదని కూడా చెప్పింది కోడలు. "ఓహో, రెండు వైపులా హద్దుంటుందన్నమాట," అంది ఆవిడ. పేపరు మళ్ళీ తీసుకుంది.

గురువారం వంతెనలాయన వచ్చాడు. ఒక్కొక్క ప్రింటూ అంచు పట్టుకుని, కిటికీ వెలుగుకు ఏటవాలుగా తిప్పి చూశాడు. పొగమంచు వంతెన దగ్గర చాలాసేపు ఆగాడు. "మిగతా సిరీసు కూడా మీరే వెయ్యాలి," అన్నాడు. వెళ్తూ వెళ్తూ అత్తగారికి నమస్కారం పెట్టాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మొగుడు విషయం విని, కంచం ముందు కూర్చుంటూనే, "అయితే ఇక గది నీదే. ఆ మాట మళ్ళీ ఎత్తను," అన్నాడు. అత్తగారు వడ్డిస్తూ, "మంచిదిరా," అంది.

మొగుడు వెళ్ళిపోయాక కోడలు గదిలో కూర్చుని, మిగిలిన ప్రింట్ల మధ్య పల్చటి కాగితాలు పెడుతోంది. తేమ యంత్రం డబ్బా నిండి, కీచుమని మొత్తుకుంది. అంతకు ముందయితే అత్తగారు తలుపును మోచేత్తో నెట్టుకుని, "దీని గొంతు నొక్కెయ్య," అని తిట్టుకుంటూ వచ్చేసేది. ఇప్పుడు అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది. ఎవరో వేలితో రెండుసార్లు తట్టారు.

కోడలు లేచి తీసింది. అత్తగారు గడప అవతల నిలబడి ఉంది.

"లోపలికి రావచ్చామ్మా?"

కాపురానికి వచ్చిన కొత్తలో, ఇదే గడప దగ్గర, ఇలాగే చేతులు కట్టుకుని, ఈ మాటే అడిగింది తను. అప్పుడు ఈ గది ఆవిడది. "ఇల్లు నీదయ్యాక అడిగి రావడమేమిటే పిచ్చిదానా," అని చెయ్యి పట్టి లోపలికి లాగింది ఆవిడ. అదే జవాబు ఇప్పుడు వెనక్కి ఇద్దామంటే నోరు రాలేదు. రండి అంటే, గది తనదని ఒప్పుకున్నట్టు. అలా అడగొద్దంటే, నిన్న అన్న మాట మళ్ళీ గుర్తు చేసినట్టు. యంత్రం కీచుమంటూనే ఉంది.

"మీ గదిలోకి మీరు..." అని మొదలుపెట్టింది కోడలు.

"నాదెక్కడిదమ్మా ఇప్పుడు," అంది అత్తగారు. ఎత్తిపొడుపు లేదు, ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది. "పాసయ్యావుగా. డబ్బా పారబోసి పోతాను. చేతులు తడిగా లేవు, చూడు."

అరచేతులు రెండూ చాపి చూపించింది. అవి పొడిగానే ఉన్నాయి. అయినా కొంగుతో ఒకసారి తుడుచుకుని, ఎందుకయినా మంచిదని మళ్ళీ తుడుచుకుని, అప్పుడు లోపలికి అడుగు పెట్టింది.